ముందు తీరు, తర్వాతే ఎత్తు

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడిందంటే కార్యక్రమాల జాబితా తయారవుతుంది. స్వాగత గీతం, కోలాటం, ఏకపాత్రాభినయం, వార్డెన్ గారి నివేదిక, బహుమతి ప్రదానం, అన్నిటికన్నా చివర ఒక సాహస విన్యాసం. ఒకప్పుడు అది పిరమిడ్. తర్వాత మండే రింగులోంచి దూకడం వచ్చింది. ఇప్పుడు టీవీ డ్యాన్స్ పోటీల్లో, ఫోన్లలో చూసిన మరో విద్య మీద మన తమ్ముళ్ల, చెల్లెళ్ల మనసు పడింది. పైనుంచి వేలాడే రెండు పొడవైన గుడ్డలను పట్టుకుని ఎగబాకడం, వాటిని కాళ్లకు, నడుముకు చుట్టుకుని గాలిలో నిలవడం. దీన్నే ఏరియల్ సిల్క్స్ అంటున్నారు.

మేము ఈ కోరికకు అడ్డం కాదు. మా ఇళ్లలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్లం మేమే. భౌతికశాస్త్రంలో పి.జి. చదివిన రెండేళ్లూ, నగరంలో ఈ విద్య నేర్పే ఒకచోట సాయంత్రం పూట పరుపులు పరిచి, గుడ్డలు మడిచి, ఫీజుకు బదులు పని చేసి నేర్చుకున్నాం. అక్కడి నెల ఫీజు మా నెల మెస్ బిల్లు కంటే ఎక్కువ. ఇప్పుడు ఆదివారాల్లో ఒక హాస్టల్ పిల్లలకు తాడు మీద, గుడ్డ మీద తొలి పాఠాలు చెబుతున్నాం. కనుక ఇవి ఒడ్డున కూర్చుని ఈత గురించి చెప్పే మాటలు కావు.

మేము చెప్పదలచినది ఒక్కటే. ముందు తీరు నేర్పాలి, ఎత్తు తర్వాత. తీరు రాని పిల్లను ఎత్తుకు ఎక్కించే హక్కు వార్డెన్ గారికి గానీ, పి.ఇ.టి. సారుకు గానీ, కింద కూర్చుని చప్పట్లు కొట్టే మనకు గానీ లేదు.

ఏమిటీ విద్య?

పేరులో సిల్కు ఉన్నా అది పట్టుగుడ్డ కాదు. నైలాన్ లేదా పాలిస్టర్ దారంతో అల్లిన, కొద్దిగా సాగే గట్టి గుడ్డ. పొడవైన గుడ్డను మధ్యకు మడిచి, పైన బరువు మోసే ఇనుప సామానుకు బిగిస్తారు. రెండు కొసలూ నేల దాకా వేలాడతాయి. ఎక్కేవారి నడుముకు తాడు ఉండదు, కింద వల ఉండదు. చేతి పట్టు, కాలికి వేసుకున్న చుట్టు, అంతే ఆధారం. 1984లో కెనడాలో మొదలైన సర్క్ దు సొలైల్ అనే సర్కస్ బృందం ప్రదర్శనల వల్ల 1990ల నుంచి ఈ విద్యకు ప్రపంచమంతా పేరు వచ్చింది.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం తాడు మల్లఖంబం. పీష్వా రెండో బాజీరావు కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ అనే వ్యాయామ గురువు మల్లఖంబానికి మళ్లీ ప్రాణం పోశారని చరిత్ర చెబుతుంది. టేకు వంటి గట్టి కర్రతో చేసిన స్తంభానికి ఆముదం రాసి దాని మీద విన్యాసాలు చేయడం ఒక పద్ధతి. పైనుంచి వేలాడే నూలు తాడు మీద, ఒక్క ముడి కూడా వేయకుండా ఆసనాలు వేయడం మరో పద్ధతి. అమ్మాయిలు ఎక్కువగా చేసేది ఈ రెండోదే. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాడును బిగించి పట్టడంతో అది మొదలవుతుంది. 2013లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం మల్లఖంబాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. 2022లో హర్యానాలోని పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో దీనికి చోటు దక్కింది. ముంబయిలో దశాబ్దాలుగా దీన్ని నేర్పుతున్న ఉదయ్ దేశ్‌పాండే గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

అంటే ఇది స్టేజీ మీద ఐదు నిమిషాల తమాషా మాత్రమే కాదు. గురువు, పాఠం, క్రమం, పరీక్ష ఉన్న విద్య. అలాంటి విద్యను వార్షికోత్సవానికి మూడు వారాల ముందు మొదలుపెట్టి, పదిహేను అడుగుల ఎత్తులో ముగించాలని చూడడమే మా అభ్యంతరం.

'మీ పిల్లలకు భయం ఉండదండీ!'

ఈ మాట మనం చాలాసార్లు విన్నాం. 'పల్లెటూరి పిల్లలు కదా, చెట్లెక్కి పెరిగినవాళ్లు, వాళ్లకు నేర్పేదేముంది? గుడ్డ కట్టి వదిలితే చాలు' అంటారు. పైకి ఇది మెచ్చుకోలులా ఉంటుంది. లోపల ఉన్న అర్థం వేరు. నగరంలో ఫీజు కట్టే పిల్లకు పరుపు కావాలి, మాస్టారు కావాలి, మెల్లగా నేర్పాలి. మన పిల్లకు అవేమీ అక్కర్లేదు, పడినా లేచి దులుపుకుంటుంది. ఇదీ ఆ మాటలోని లెక్క.

మాకు తెలిసిన ఒక జూనియర్ తమ్ముడి సంగతి చెబుతాం. పదో తరగతి పరీక్షలకు ముందు ఒక సభలో, రెండు వారాల సాధనతో అతన్ని గుడ్డ మీదికి ఎక్కించారు. దాదాపు పదడుగుల ఎత్తులో చేతుల పట్టు సడలింది. కుడి మణికట్టు విరిగింది. పరీక్షలు వేరొకరి చేత రాయించుకోవలసి వచ్చింది. అతని తల్లి కూలి మానుకుని ఆసుపత్రిలో కూర్చున్న రోజులకు లెక్క కట్టినవారు లేరు. నిర్వాహకులు మాత్రం 'వాడికి చెట్లెక్కడం అలవాటేనండీ' అన్నారు.

చెట్టెక్కడం గురించే మాట్లాడుకుందాం. మన ఊళ్లలో తాటిచెట్టెక్కే గీత కార్మికుడు ఊరికే ఎక్కుతాడా? అతనికి మోకు ఉంది. కాళ్లకు బంధం ఉంది. మోకును ఎప్పుడు పైకి జరపాలి, బరువును ఎప్పుడు నడుము మీద వేయాలి, ఎప్పుడు కాళ్ల మీద వేయాలి అన్నది తండ్రి దగ్గరో పెదనాన్న దగ్గరో ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య. అంత నేర్చినవారు కూడా జారిపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారనే కదా, తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. జీవితమంతా చెట్టెక్కినవారికే రక్షణ అవసరమైనప్పుడు, చిన్నప్పుడు జామచెట్టు ఎక్కిన పిల్లకు అక్కర్లేదనడం ఏ న్యాయం?

దొమ్మరాట సంగతీ అంతే. గడ ఎక్కి, తాడు మీద నడిచి, గాలిలో పిల్లిమొగ్గలు వేసి బతికిన కుటుంబాలు మన తెలుగు నేల మీద తరతరాలుగా ఉన్నాయి. చిన్నతనం నుంచే ఒళ్లు వంచి, కొలత తప్పకుండా నేర్పుకున్న విద్య అది. అయినా ఊరు వారికి పిడికెడు బియ్యం వేసి పంపింది. వారి కులం పేరును తిట్టుగా వాడుకుంది. ఈనాటికీ వారు వెనుకబడిన తరగతుల జాబితాలో 'ఎ' గ్రూపులో ఉన్నారు. అవే విన్యాసాలు రంగు దీపాల కింద, సంగీతంతో చేస్తే ఏరియల్ ఆర్ట్ అయింది, నెలకు ఇంత అని ఫీజు వచ్చింది. విద్య గొప్పదా కాదా అన్నది చేసేవారి కులాన్ని బట్టి తేల్చిన సమాజం మనది. అందుకే మన పిల్లలు ఈ విద్య నేర్చుకునేటప్పుడు దాన్ని విద్యగానే నేర్చుకోవాలి. తమాషాగా నేర్చుకుంటే మనల్ని చూసే చూపు మారదు.

ఇక్కడ సర్కస్ ముచ్చట కూడా గుర్తు చేసుకోవాలి. సర్కస్‌లలో పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించాలని 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. పిల్లలకు నేర్పడం వేరు, పిల్లలను వాడుకోవడం వేరు అన్నదే అందులో మనం గ్రహించవలసిన నీతి. వార్షికోత్సవం పేరు పెట్టినంత మాత్రాన రెండోది మొదటిది అయిపోదు.

తీరు అంటే ఏమిటి?

తీరు అనగానే చాలామంది కాలి వేళ్లు సాచడం, చిరునవ్వు, చేతి భంగిమ అనుకుంటారు. అవి పైకి కనబడేవి. అసలు తీరు అంటే బరువు ఎక్కడ పడాలో అక్కడే పడేట్టు ఒంటిని నిలుపుకోవడం. రెండు మూడు ఉదాహరణలు చెబుతాం.

మొదటిది భుజం. కొత్తవారు గుడ్డ పట్టుకుని వేలాడితే భుజాలు చెవుల దాకా వచ్చేస్తాయి, మెడ కనబడదు. అప్పుడు ఒంటి బరువంతా భుజం కీలును పట్టి ఉంచే స్నాయువుల మీద, కీలు చుట్టూ ఉన్న మెత్తని భాగాల మీద పడుతుంది. చేతులు వంచకుండానే భుజం రెక్కలను కిందికి లాగితే మెడ పొడవుగా కనబడుతుంది, బరువు వీపు కండరాల మీదికి మారుతుంది. ఇది నాలుగు అంగుళాల కదలిక. చూసేవారికి ఏమీ జరిగినట్టు ఉండదు. కానీ తర్వాత వచ్చే ప్రతి విన్యాసమూ దీని మీదే నిలబడుతుంది. మేము మొదటి నెల ప్రతి ఆదివారం దీన్నే అడుగుతాం. 'చెవులు చూపించు' అన్నది మా దగ్గర పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే మాట అయిపోయింది.

రెండోది ఎక్కడం. కొత్తవారు చేతులతో ఈడ్చుకుంటూ ఎక్కుతారు. పట్టుమని నాలుగుసార్లు లాగేసరికి ముంజేతులు బిగుసుకుపోతాయి, వేళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. సరైన పద్ధతిలో పని కాళ్లది. గుడ్డ కాలి వెలుపలి నుంచి వచ్చి పాదం మీదుగా వెళ్తుంది. రెండో పాదం దాన్ని అదిమి పడుతుంది. మోకాళ్లు పైకి ముడిచి, పట్టు బిగించి, మెట్టు మీద లేచినట్టు కాళ్ల మీద లేవాలి. చేతులు పైకి జరగడానికే. కాళ్ల పట్టు రాని పిల్ల ఎంత బలమైనదైనా ఎత్తుకు పనికిరాదు. ఎందుకంటే దిగడానికి చేతుల్లో బలం మిగలదు.

మూడోది తలకిందులవడం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నేల నుంచి కాళ్లు విసిరి ఊపుతో తలకిందులైతే చూడ్డానికి వచ్చినట్టే ఉంటుంది. భౌతికశాస్త్రం చదివినవాళ్లంగా చెబుతున్నాం, ఊపు మనల్ని పైకి తీసుకెళ్తుంది గానీ అక్కడ ఆపదు. ఆపే పని భుజాలు ఒక్క కుదుపులో చేయవలసి వస్తుంది. ఆ ఊపు లేని చోట, అంటే నేల అందని ఎత్తులో, అదే పిల్ల తలకిందులు కాలేదు, సగంలో వేలాడుతుంది. అందుకే మోకాళ్లు ముడిచి, పొట్ట బలంతో నడుమును మెల్లగా ఎత్తడం ముందు రావాలి. కాళ్లు ముడిస్తే బరువు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది, తిప్పడానికి తక్కువ బలం చాలుతుంది. కాళ్లు చాచి ఎత్తడం ఆ తర్వాతి పాఠం. ఇది మనం భౌతికశాస్త్రంలో చదివిన బలభ్రామకమే.

మరి కాలి వేళ్లు సాచడం, మోకాళ్లు బిగించడం ఎందుకు? అందం కోసమే అయితే మేము అంత పట్టుబట్టం. మోకాలు వదులుగా ఉంటే ఒళ్లు ముక్కలుగా ఊగుతుంది, బరువు ఎటు పోతుందో పిల్లకే తెలియదు. బిగించి చాచిన కాలు ఆ పిల్ల తన ఒంటిని ఆ క్షణంలో తన ఆధీనంలో ఉంచుకున్నదనడానికి గుర్తు. కింద నిలబడి చూసే మాకు అదే మొదటి హెచ్చరిక. వేళ్లు వదులయ్యాయంటే అలసట మొదలైంది, ఇక దింపాలి.

ఏది ముందు, ఏది తర్వాత

మేము పాటించే క్రమం ఇది. మొదటి కొన్ని వారాలు గుడ్డ ముట్టక ముందే ఒళ్లు వేడెక్కించడం, వెల్లకిలా పడుకుని పొట్ట బిగించి కాళ్లు, భుజాలు నేల నుంచి ఎత్తి ఉంచడం, కడ్డీకి వేలాడి భుజం రెక్కలు దించడం. తర్వాత గుడ్డ కింది భాగంలో ముడి వేసి, ఆ ముడిలో కూర్చోవడం, నిలబడడం, వెనక్కి వాలడం. పాదానికి చుట్టు వేసి బిగించే పాఠం నేల మీద కూర్చునే మొదలవుతుంది. చుట్టు వేయడం ఎంత వచ్చిందో విప్పడం అంతకన్నా బాగా రావాలి. కళ్లు మూసుకుని విప్పగలిగితేనే నడుమెత్తుకు వెళ్లాలి.

ఎక్కడం కంటే ముందు దిగడం నేర్పుతాం. చేయి కింద చేయి వేస్తూ, కాళ్లతో అదిమి పడుతూ మెల్లగా దిగాలి. సర్రున జారితే గుడ్డ రాపిడికి చర్మం కాలిపోతుంది. ఎక్కినంత ఎత్తు నుంచి అలసట లేకుండా రెండుసార్లు దిగగలిగితేనే ఇంకో అడుగు పైకి.

ప్రతి పాఠమూ కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. వచ్చిన వైపే చేస్తూ పోతే ఒక భుజం గట్టిపడి, రెండోది బలహీనంగా మిగులుతుంది. తలకిందులవడానికి మేము పెట్టుకున్న కొలత ఒకటుంది. మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడిచి పది అంకెలు లెక్కపెట్టేదాకా వేలాడగలగాలి. తలకిందులుగా ఉన్న స్థితి నుంచి ఐదు అంకెల్లో, ధబేలున పడకుండా దిగగలగాలి. ఈ రెండూ వచ్చేదాకా తల కిందికి వెళ్లకూడదు. చుట్టుకున్న గుడ్డను విడుస్తూ పైనుంచి దొర్లుకుంటూ కిందికి వచ్చే విన్యాసాలు, అంటే టీవీలో అందరూ చప్పట్లు కొట్టేవి, తొలి ఏడాది పాఠాల్లో అసలే లేవు.

ఎత్తు గురించి ఒక చిన్న లెక్క. ఐదడుగుల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేళకు వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. పదిహేను అడుగుల నుంచి అయితే దాదాపు 34 కిలోమీటర్లు. ఒంటికి తగిలే శక్తి మూడింతలు. కింద పరుపు ఉంటే దెబ్బ తగ్గుతుంది గానీ, తల ముందుగా తాకితే పరుపు కూడా మెడను కాపాడలేదు. ఈ లెక్క తెలిశాక తొలి మూడు నెలలు తలెత్తుకు మించి ఎక్కించవద్దని మేమెందుకు అంటున్నామో వేరే చెప్పనక్కర్లేదు.

వచ్చే అభ్యంతరాలు

'ఇంత మెల్లగా నేర్పితే పిల్లలకు విసుగు పుడుతుంది' అంటారు. మా ఆదివారాల్లో మాకు కనబడింది వేరు. పిల్లలకు విసుగు పుట్టేది తాము ఎక్కడున్నారో తెలియనప్పుడు. 'నిన్న ఆరు అంకెలు, ఇవాళ ఎనిమిది' అని గోడ మీద రాసుకుంటే ఎనిమిదో తరగతి పిల్ల కూడా వచ్చే ఆదివారం కోసం ఎదురుచూస్తుంది. అందరికంటే పైకి ఎక్కే పోటీలో ఒక్కరే గెలుస్తారు, మిగతా ముప్పైమంది ప్రేక్షకులవుతారు. నిన్నటి తనకంటే మెరుగవడంలో ముప్పైమందీ గెలుస్తారు. లావుగా ఉన్నామనీ, బక్కగా ఉన్నామనీ వెనక్కి తగ్గే పిల్లలు నిలబడేది ఈ పద్ధతిలోనే.

'హాస్టల్లో అంత డబ్బెక్కడిది?' అన్నది రెండో మాట. ఇది నిజమైన ప్రశ్న. విద్యకు తగిన గుడ్డ, దాన్ని బిగించే సామాను, మందపాటి పరుపు కొనడం ఒక్క హాస్టల్ బడ్జెట్‌కు బరువే. అలాగని చీరలు, కర్టెన్ గుడ్డలు తెచ్చి ఫ్యాను కొక్కేనికో, వేపకొమ్మకో కడతామంటే మేము ఒప్పుకోం. ఊగేటప్పుడు, ఒక్కసారిగా జారి ఆగేటప్పుడు పైన పడే బలం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఫ్యాను కొక్కెం దానికి చేసింది కాదు. డబ్బు లేకపోతే తాడు మల్లఖంబంతో మొదలుపెట్టవచ్చు. మంచి నూలు తాడు, ఇంజనీరు చూసి సరేనన్న దూలం, కింద పరుపు ఉంటే చాలు. పరుపు కూడా లేకపోతే నేల మీది సాధన, కడ్డీకి వేలాడడం, ఆసనాలు ఉన్నాయి. అవి ఆరు నెలలు చేసినా నష్టం లేదు. సామాను లేని లోటును పిల్లల ధైర్యంతో పూడ్చడం మాత్రం వద్దు.

'ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు?' అన్నది మూడో మాట. తాడు మల్లఖంబంలో మన దేశం పేరు నిలబెడుతున్నది ఆడపిల్లలే. అయితే ఈ మాట అనేవారికి కాకపోయినా, చెల్లెళ్లకు మేము బాకీ ఉన్న జవాబు ఒకటుంది. ఈ విద్యలో పట్టుకుని నేర్పవలసి వస్తుంది. నడుము దగ్గర, వీపు దగ్గర చేయి వేసే ముందు 'పట్టుకోనా?' అని అడగాలి. వద్దంటే ఆగాలి. బాలికల హాస్టళ్లలో మహిళా శిక్షకురాలే ఉండాలి. వంట్లో బాగాలేని రోజున కారణం చెప్పకుండానే కూర్చునే హక్కు పిల్లకు ఉండాలి. ఇది కూడా తీరులో భాగమే. ఒంటి మీద మంచి పట్టు నేర్పే విద్య, ఆ ఒళ్లు తనదే అన్న సంగతి ముందు నేర్పాలి.

భువనగిరి గుట్ట నేర్పిన పాఠం

సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఎత్తులు ఎక్కలేరని మేము అనడం లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఈ సంగతి మన ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తారు, చదివి గర్వపడతాం.

కానీ ఆ కథలో మనం చదవకుండా వదిలేసే పేజీ ఒకటుంది. వారు ఊరి నుంచి నేరుగా ఎవరెస్టుకు పోలేదు. ముందు భువనగిరి గుట్ట దగ్గర రాతి ఎక్కుడు శిక్షణ. అక్కడ తాడు ముడి ఎలా వేయాలి, కాలు ఎక్కడ పెట్టాలి, ఎలా దిగాలి అన్న ప్రాథమిక పాఠాలు. తర్వాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థ. ఆ తర్వాత లడఖ్ చలి. ఒక్కొక్క మెట్టులో ఎంతోమంది నుంచి కొద్దిమందిని ఎంచి, నెలల తరబడి తయారు చేసి అప్పుడు పంపారు. మంచి శిక్షకులు దొరికారు, మంచి సామాను దొరికింది. పేదపిల్లలకు సహజంగా ధైర్యం ఉంటుందిలే అని ఎవరూ వదిలేయలేదు. శిఖరం ఫొటోను గోడకు తగిలించి భువనగిరి గుట్టను మరిచిపోతే ఆ పిల్లల శ్రమను మనం సగమే గౌరవించినట్టు.

మేము కోరేది

వార్డెన్ గార్లకు, పి.ఇ.టి. సార్లకు, మేడమ్‌లకు మా విన్నపం. వార్షికోత్సవం కోసం సాహస విన్యాసం పెట్టదలిస్తే విద్యా సంవత్సరం మొదట్లోనే మొదలుపెట్టండి. అప్పుడు కుదరకపోతే ఆ అంశం మానుకోండి. నేర్పేవారు వీడియోలు చూసి నేర్చినవారు కాకుండా, ఒక గురువు కింద నేర్చినవారై ఉండాలి. వేలాడదీసే దూలాన్ని ఇంజనీరు చేత చూపించండి. గుడ్డను, తాడును ప్రతిసారీ చేత్తో తడిమి చిరుగు ఉందేమో చూడండి. పిల్లల ఉంగరాలు, గొలుసులు, జూకాలు, గడియారాలు తీయించండి. పిల్లలు సాధన చేసే రోజుల్లో గుడ్డు, పాలు, పప్పు మెనూలో ఉన్నట్టే పళ్లెంలోకి వచ్చేట్టు చూడండి. రక్తం తక్కువున్న ఒంటితో పట్టు నిలవదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మరో మాట. మనం ఏటా చందాలు వేసుకుని శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు తెస్తున్నాం. ఒక ఏడాది ఆ డబ్బుతో రెండు మంచి పరుపులు కొందాం. అవి పదేళ్లు పనికొస్తాయి. నగరాల్లో ఉన్నవాళ్లం మల్లఖంబం, జిమ్నాస్టిక్స్ తెలిసిన శిక్షకులను వెతికి నెలకొక ఆదివారం మన హాస్టల్‌కు తీసుకెళదాం. దారి ఖర్చు మనం పెట్టుకుందాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు చెప్పేది చిన్న మాట. ఎవరైనా 'ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి' అని కింద నుంచి అరుస్తుంటే, పైన ఉన్న మీ చేతుల్లో ఎంత బలం మిగిలిందో వారికి తెలియదు. మీకే తెలుసు. దిగాలనిపించినప్పుడు దిగండి. దాన్ని పిరికితనం అన్నవారికి మేము సమాధానం చెబుతాం. మాస్టారు పరుపు లేకుండా ఎక్కమంటే 'పరుపు వేయించండి సార్' అని అడగండి. మన ముందు తరం వారు అడగలేక ఊరుకున్నవి చాలా ఉన్నాయి. చదువుకున్న మనం అడగడం నేర్చుకోవాలి.

ఈ వార్షికోత్సవంలో మన పిల్లలు గుడ్డ మీద ఒక అంశం చేయబోతున్నారు. నేల నుంచి నాలుగడుగుల ఎత్తుకు మించరు. గిరగిరా దొర్లి పడడాలు ఏమీ ఉండవు. భుజాలు దించి, మోకాళ్లు బిగించి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చేసి, చేయి కింద చేయి వేసుకుంటూ చప్పుడు లేకుండా దిగుతారు. చూసేవారికి ఇంతేనా అనిపించవచ్చు. ఆ దిగడానికి వారికి ఏడు నెలలు పట్టింది. పాదాలు నేలను తాకినప్పుడు చప్పట్లు కొట్టండి.